అక్క చెప్పిన మనుషులు

జనవరి 14, బుధవారం

అక్కకి మాట పోయింది.

పొద్దున పదింటికి జసింటా ఫోన్ చేసింది. తన పార్లర్‌లో అక్క ఎవరి జుట్టుకో రోలర్లు చుడుతూ ఉండగా దువ్వెన కిందపడిందట. తీసుకోవడానికి వంగిన మనిషి మళ్ళీ లేవలేదట. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. "కన్సెప్టా నోరు మూతపడే రోజు చూస్తామని ఈ ఊళ్ళో ఎవరైనా అనుకున్నారా, ఫిడెల్మా గారూ?" అని వెక్కివెక్కి ఏడ్చింది. పదిహేడేళ్ళుగా ఆ పార్లర్‌లో అక్క పక్కన నిలబడి పనిచేస్తున్న మనిషి. ఏడవడానికి నాకంటే ఆమెకే ఎక్కువ హక్కుంది.

రేపటి రైలుకి మా ఊరు కిల్‌డ్రిన్ వెళ్తున్నాను. రాస్తున్న పుస్తకం ఇక్కడే డబ్లిన్‌లో వదిలేస్తాను. ముందు అక్క. మిగతావన్నీ తర్వాత.

జనవరి 15, గురువారం

పుస్తకం తెచ్చుకున్నాను. రైల్లో అన్ని గంటలు చేతులు ముడుచుకుని కూర్చోలేను కదా.

జనవరి 17, శనివారం

ఆసుపత్రిలో ఆరు మంచాల గది. కిటికీ పక్క మంచం అక్కది. బయట వాన. నన్ను చూడగానే ఎడమచెయ్యి ఎత్తి, ముఖమంతా ఒక పక్కకి లాగి, చాలా స్పష్టంగా "మంగళవారం" అంది.

నీళ్ళు కావాలన్నా మంగళవారమే. దిండు సర్దమన్నా మంగళవారమే. నా పేరు కూడా మంగళవారమే. ఏదో చెప్తున్నట్టే రాగం తీస్తుంది, కోప్పడుతుంది, ప్రశ్న వేస్తుంది, కానీ ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమీ బయటికి రాదు. తనకి తెలుస్తోంది. అదే ఘోరం. అన్న ప్రతిసారీ ఇది కాదు, ఇది కాదు అన్నట్టు మంచం పట్టెని కొడుతుంది.

అరవై నాలుగేళ్ళ మనిషి. వాన ఎప్పుడు తగ్గుతుందని అడిగితే ముప్పావుగంట సమాధానం చెప్పే మనిషి.

పక్కమంచం ముసలావిడ నన్ను గుర్తుపట్టింది. "నువ్వు ఆ పుస్తకాల ఫిడెల్మా గింటీవి కదూ? నా కోడలు నీ పుస్తకాలన్నీ చదివింది. నేను చదవలేదులే. నాకు నిజం మనుషుల గురించి చదవడమంటేనే ఇష్టం" అంది.

బయటికొచ్చి కారిడార్‌లో నిలబడ్డాను. ఏడుపు రాలేదు. నా పుస్తకంలో ఇటా అనే ఆవిడ తలుపు తట్టింది, తర్వాత ఏమైంది అన్న ఆలోచన వచ్చింది. అలసటే కారణం అయ్యుండాలి.

జనవరి 18, ఆదివారం

పదకొండున్నర అయింది. ఫోన్ వైపు చూశాను. ఇరవై మూడేళ్ళలో ఆదివారం ఈ వేళకి అక్క గొంతు వినకపోవడం ఎన్నిసార్లు జరిగిందో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అక్క ఇంట్లోనే ఉన్నాను, పార్లర్ మీది గదుల్లో. కింద జసింటా డ్రయ్యర్లు తుడుస్తున్న చప్పుడు. ఆదివారం కూడా వచ్చింది, చేతులు ఊరుకోవట్లేదట.

జనవరి 22, గురువారం

లండన్ నుంచి హెన్రియెట్టా ఫోన్. పదకొండేళ్ళుగా నా ఎడిటర్. ఇంతవరకూ గొంతు పెంచి ఎరగదు, అదే నాకు భయం.

"ఫిడెల్మా, బంగారం, మీ అక్కగారి సంగతి విని ఎంత బాధపడ్డానో. నువ్వేమీ తొందరపడకు. మార్చి ఆఖరికి ఇస్తే చాలు."

"మార్చి ఆఖరు అంటే మొదటినుంచీ ఉన్న గడువే కదా, హెన్రియెట్టా."

"అవును, అందుకే తొందరపడకు అంటున్నాను. అట్ట అయిపోయింది. ఎంత ముద్దుగా ఉందో! ఆకుపచ్చ పోస్టుడబ్బా, ఎర్రకోటు ఆవిడ వీపు. ఇంకొక్క అధ్యాయమే కదా మిగిలింది?"

ఒక్క అధ్యాయమే. ఇటా తలుపు ముందు నిలబడి ఉంది. నాలుగు వందల పేజీలు నడిచి వచ్చి నిలబడింది. తలుపు తీసిన మనిషి ఏం చేస్తాడో నాకు తెలియదు.

జనవరి 25, ఆదివారం

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. ఇది ఎవరూ చదవరు.

ప్రతి పత్రికవాడూ అదే అడుగుతాడు: మీ పాత్రలు నిజమైన మనుషులేనా? నేనూ ప్రతిసారీ అదే నవ్వు నవ్వి "అంతా ఊహే" అంటాను. ముప్పై భాషల్లో ఆ ముక్క అచ్చయింది. పద్నాలుగు పుస్తకాలు. విమానాశ్రయాల్లో, ఈతకొలనుల పక్కన, ఆసుపత్రి గదుల్లో మనుషులు చదువుకునే పుస్తకాలు. విమర్శకులు "సెలవుల్లో చదివి హోటల్లో వదిలేసి రాదగ్గవి" అంటారు. అననీ.

ఊహ కాదు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అక్క ఇంటికి వస్తుంది, నేను ఫోన్ చేస్తాను, అక్క ఊళ్ళో సంగతులు చెప్తుంది. పార్లర్‌లో జుట్టు తడిసిన ఆడవాళ్ళు దాచుకోకుండా చెప్పుకున్న కథలు. నేను ఇటుపక్క నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పేర్లు మారుస్తాను, ఊరు మారుస్తాను, మొగుణ్ణి రైతు నుంచి దంతవైద్యుణ్ణి చేస్తాను. ఒకే సూటు పంచుకుని ఒకడు ఎనిమిది గంటల పూజకీ, ఇంకొకడు పది గంటల పూజకీ వెళ్ళే అన్నదమ్ములు. చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడా, ఆవిడని ప్రేమించిన ఇద్దరూ. పెళ్ళిరోజున కనబడకుండా పోయిన హోటల్ వంటావిడ. అందరూ ఈ ఊరివాళ్ళే. వాళ్ళ బతుకులు నేను ఎత్తుకెళ్ళి అమ్ముకున్నాను.

అక్కకి తెలుసు. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.

అందుకే పన్నెండేళ్ళుగా ఈ ఊరు రాలేదు. పని ఎక్కువ అని అందరికీ చెప్పాను. అక్కనే డబ్లిన్ రమ్మనేదాన్ని. ఇక్కడి వీధిలో నడిస్తే ఎవరో ఒకరు వచ్చి చెంప పగలగొడతారని భయం. పదిరోజులుగా తలకి స్కార్ఫ్ కట్టుకుని తిరుగుతున్నాను. ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈరోజు నిజంగానే మంగళవారం. అక్క "మంగళవారం" అంటే నర్సులందరూ చప్పట్లు కొట్టారు. అక్క వాళ్ళవైపు చూసిన చూపుకి అక్షరాలు అక్కర్లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

మాట నేర్పే ఆమె పేరు ఈథ్నా. సన్నగా, మెత్తగా మాట్లాడుతుంది కానీ వదిలిపెట్టే రకం కాదు. కప్పు, చెంచా, పిల్లి బొమ్మలు చూపిస్తుంది. పిల్లి బొమ్మకి అక్క "ఫా... ఫాదర్" అంది. తనే విని నవ్వింది. రోగం వచ్చాక మొదటి నవ్వు.

ఈథ్నా టీ తాగడానికి వెళ్ళగానే నేను కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాను. "అక్కా, ఇటా గుర్తుందా? నాక్‌రో ఊరి పోస్టాఫీసు ఇటా. పంతొమ్మిది వందల అరవై ఆరులో ఒకడికి వచ్చిన ఉత్తరం ఇవ్వకుండా దాచేసింది కదా. వాడి ప్రియురాలు లివర్‌పూల్ నుంచి రాసింది, శుక్రవారంలోగా రాకపోతే ఇంకొకణ్ణి చేసుకుంటానని. ఇటాకి వాడంటే ప్రాణం కాబట్టి దాచేసింది. ఇప్పుడు ఉద్యోగం మానేసే రోజున ఆ ఉత్తరం పట్టుకుని వాడింటికి వెళ్ళింది. తలుపు తట్టింది. వచ్చే ఆదివారం చెప్తానన్నావు. వాడు ఏం చేశాడు?"

అక్క నావైపు చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. నా నోట్‌బుక్ నా ఒళ్ళోనే ఉంది, ఎప్పుడు తీశానో తెలియదు.

"మంగళవారం" అంది.

"మంగళవారమా? వాడు మంగళవారం రమ్మన్నాడా?"

వెనకనించి ఈథ్నా గొంతు. "ఎవరండీ ఈ ఇటా? చాలా ముఖ్యమైన మనిషా?"

"చాలా."

"ఆమెకా, మీకా?"

మనసు మళ్ళిస్తే మాట తొందరగా వస్తుందని ఎక్కడో చదివానని చెప్పాను. అక్క మంచికే అడిగాను. నిజంగానే చదివాను.

ఫిబ్రవరి 12, గురువారం

నాక్‌రో వెళ్ళాను. ఇటాని ఇబ్బంది పెట్టడానికి కాదు. దూరం నుంచి ఇల్లు ఒకసారి చూసి వద్దామని.

సముద్రం పక్కన పద్నాలుగు ఇళ్ళు, ఒక దుకాణం. దుకాణంలో టోపీ పెట్టుకున్న ముసలాయన రేడియోలో చావు కబుర్లు, చుట్టుపక్కల ఎవరెవరు పోయారో, వింటున్నాడు. అయిపోయేదాకా చెయ్యి అడ్డంపెట్టి నన్ను ఆపాడు.

"పోస్టాఫీసు ఎక్కడండీ?"

"కిల్‌డ్రిన్‌లో."

"కాదు, ఇక్కడిది. పాతది. ఇటా అని ఒకావిడ చూసేది..."

"ఇక్కడ పోస్టాఫీసు ఎప్పుడుందమ్మా? నాకు ఎనభై ఒకటి. మా నాన్న గాడిదబండి మీద కిల్‌డ్రిన్ వెళ్ళి ఉత్తరాలు తెచ్చేవాడు. ఉత్తరాలంటే కూడా ఏముంది, గొర్రెల లెక్క అడుగుతూ ప్రభుత్వం రాసేవి."

"ఇటా అనే మనిషి?"

"ఇటా అని ఒక ఆవు ఉండేది మాకు" అన్నాడు. "చాలా నెమ్మదైంది."

ఊరి పేరు తప్పు విన్నానేమో.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఊరి పేరు తప్పు వినలేదు. నోట్‌బుక్‌లో రాసి ఉంది. కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.

ఫిబ్రవరి 14, శనివారం

పార్లర్‌లో ఈరోజు గిరాకీ బాగా ఉంది. జసింటా ఒక్కతే చేసుకోలేకపోతోందని తువ్వాళ్ళు ఉతికి ఆరేసే పని నేను తీసుకున్నాను. "రచయిత్రి గారూ, తడి తువ్వాలు తెస్తున్నారు, ఇది తల ఆరబెట్టుకోడానికా, ముంచుకోడానికా?" అని అందరిముందూ నవ్వుతుంది. పైగా కసాయి కొట్టు కాస్లిన్‌కి నన్ను చూపించి, "నీ కథ రాసినావిడ" అంది.

నేను తలుపు వైపు చూశాను. కాస్లిన్ తల బేసిన్‌లో ఉంది, అక్కడినుంచే చెయ్యి ఊపింది. "మూడో పుస్తకంలో ఆ గయ్యాళి నేనే కదూ? మా ఆయనకి పద్దెనిమిదేళ్ళుగా చెప్తున్నాను, నమ్మడు. ఒక సంతకం పెట్టి రాసివ్వండి" అంది.

మూడో పుస్తకంలో గయ్యాళి దంతవైద్యుడి భార్య. కాస్లిన్ గురించి అక్క నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

అందరూ వెళ్ళాక జసింటాని అడిగాను. ఒక్కొక్కరే. ఒకే సూటు అన్నదమ్ములు?

"ఏ అన్నదమ్ములు? ఈ ఊళ్ళో సూటు లేనివాడు పూజకే రాడు."

ఆర్గన్ వాయించే ఆవిడ?

"చర్చిలో ఆర్గనా? ఉంటే ఇంకేం. ఓ టేప్ రికార్డర్ ఉంది. ఫాదర్ మీట నొక్కితే పాడుతుంది, అప్పుడప్పుడూ టేపుని మింగేస్తుంది."

హోటల్ వంటావిడ?

జసింటా చీపురు గోడకి ఆనించి నావైపు తిరిగింది. "ఫిడెల్మా గారూ, ఇవన్నీ మీ పుస్తకాల్లో మనుషులు. నన్నెందుకు అడుగుతున్నారు? మీరు పుట్టించినవాళ్ళు ఎక్కడున్నారో మీకే తెలియాలి."

తర్వాత తనే ఏదో తోచినట్టు నిదానంగా అంది. "శనివారాలు షాపు కట్టేసేటప్పుడు కన్సెప్టా ఎప్పుడూ చిరాగ్గా ఉండేది. 'రేపటికి ఇంకా ఏమీ దొరకలేదే జసింటా' అనేది. నేను భోజనం గురించనుకున్నాను. కసాయి కొట్టు ఆరింటిదాకా తీసే ఉంటుంది, పోయి ఇంత మాంసం తెచ్చుకో అనేదాన్ని. అది విని నవ్వేది. ఒక్కోసారి రోలర్లు చుడుతూ చుడుతూ ఆగిపోయి, 'దొరికింది' అనేది. ఏం దొరికిందంటే చెప్పేది కాదు."

ఫిబ్రవరి 17, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళలేదు. జలుబు.

ఫిబ్రవరి 18, బుధవారం

జలుబు లేదు.

ఇరవై మూడేళ్ళు! అక్క ఒట్టు పెట్టి చెప్పేది. "అమ్మ మీద ఒట్టు ఫిడ్, నా చేతులతో ఆవిడ జుట్టు కడిగాను, నా కళ్ళముందే ఏడ్చింది" అనేది. నేను వాళ్ళకోసం ఏడ్చాను. ఆ వంటావిడ పేరు మీద చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను. ఎవరిదో బతుకు దొంగిలించానని సిగ్గుతో పన్నెండేళ్ళు నా సొంత ఊరు మొహం చూడలేదు. తీరా చూస్తే దొంగిలించడానికి ఇక్కడ ఎవరూ లేరు. ఒక ఆవు తప్ప.

నేను "అంతా ఊహే" అని లోకానికి అబద్ధం చెప్తున్నాననుకున్నాను. నిజమే చెప్పాను. ఎవరి ఊహో చెప్పలేదు, అంతే. నాకే తెలియదు కదా.

మరి ఆ పద్నాలుగు పుస్తకాలు ఎవరివి?

ఫిబ్రవరి 19, గురువారం

వాక్యాలు నావి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

వాక్యాలు నావే.

ఫిబ్రవరి 26, గురువారం

బట్టలు తెచ్చుకోవడానికి డబ్లిన్ వచ్చాను. బట్టలు తీయలేదు. పాత నోట్‌బుక్‌ల పెట్టె తీశాను.

మొదటిది 1986. అప్పట్లో బీమా కంపెనీలో టైపిస్టుని. నేను ప్రేమించిన ఇయోన్ నన్ను వదిలేసి వెళ్ళిన ఏడాది. ఆ నోట్‌బుక్ కథల కోసం కొన్నది కాదు. అందులో కరెంటు బిల్లు తేదీలు, తలనొప్పి మాత్రల పేర్లు, ఎన్నిసార్లు ఏడ్చానో గీతలు. అక్టోబర్‌లో ఒక ఆదివారం: "కన్సెప్టాకి ఫోన్. కసాయి కొట్టువాడి గుర్రం చర్చిలోకి దూరిన కథ చెప్పింది. నవ్వాను." ఆ తర్వాత నాలుగు ఆదివారాలు వరసగా కథలు. అవి నిజమే అయ్యుంటాయి. గుర్రం సంగతి నాకూ గుర్తుంది.

నవంబర్ చివర: "కన్సెప్టా. కొత్త సంగతులేం లేవంది. నాలుగు నిమిషాలు."

ఆ కింద మూడు ఆదివారాలు ఖాళీ. నేను ఫోన్ చేయలేదు. ఏం చేశానో కూడా గుర్తులేదు. రాసుకోలేదు.

డిసెంబర్‌లో మళ్ళీ మొదలు. "కన్సెప్టాయే ఫోన్ చేసింది. ఒకే సూటు ఉన్న అన్నదమ్ముల కథ. గంటా పది నిమిషాలు."

దాని తర్వాత ఖాళీ ఆదివారం ఒక్కటి కూడా లేదు.

ఇది చూశాక పెట్టె మూసి వంటింట్లో కూర్చున్నాను. కెటిల్ పెట్టడం మర్చిపోయాను.

మార్చి 8, ఆదివారం

అక్కకి ఇప్పుడు ముప్పై మాటలదాకా ఉన్నాయి. ఒక్కోటి బావిలోంచి తోడినట్టు వస్తుంది. ఈథ్నా ఈరోజు సెలవు. అక్కని చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. రెండింటికి మొదలుపెట్టాను.

"నాక్‌రో వెళ్ళాను."

అక్క కళ్ళు పెద్దవి చేసింది.

"అక్కడ పోస్టాఫీసు లేదు. ఇటా లేదు. అన్నదమ్ములు లేరు, ఆర్గన్ లేదు. అంతా నువ్వే కల్పించావు. అవునా?"

అక్క సిగ్గుపడుతుందనుకున్నాను. తల పక్కకి వంచి నవ్వింది. ముఖంలో సగమే నవ్వింది కానీ ఆ సగం చాలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నవ్వుతావేంటే? నన్ను వెర్రిదాన్ని చేశావు! అమ్మ మీద ఒట్టు పెట్టావు! అన్ని కథలు చెప్పగలిగినదానివి నువ్వే రాసుకోవచ్చు కదా. ఆ తువ్వాళ్ళ మధ్య ఎందుకు పడున్నావు? ఎందుకు, కన్సెప్టా?" నలుగురు రోగులు మావైపు తిరిగారు. నేను అక్కని పేరు పెట్టి పిలిచిన సందర్భాలు తక్కువ.

నవ్వు ఆగిపోయింది. చెప్పడం మొదలుపెట్టింది.

"నువ్వు" అంది. తర్వాత ఏదో, అది మాట కాదు. మళ్ళీ మొదలు. "నువ్వు." చెమట పట్టింది. నేను మాట అందించబోతే ఎడమచెయ్యి ఎత్తి ఆపింది. "ఫా... ఫాదర్. కాదు. కాదు! ఫో." కుర్చీ అంచుని కొట్టింది. ఎవరో నర్సు వచ్చి ఇక చాలంది, అక్క ఆమెనీ పొమ్మంది. మూడు దాటింది. వాన ఆగి మళ్ళీ మొదలైంది. వదిలెయ్ అక్కా, నాకు తెలుసు, నోట్‌బుక్ చూశాను అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. తన నోటివెంట వినాలని మంకుపట్టు. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తోంది, అయినా నోరు విప్పకుండా కూర్చున్నాను.

టీ బండి వచ్చే వేళకి పూర్తయింది.

"నువ్వు. ఫోన్. చెయ్యవు." ఊపిరి పీల్చుకుంది. "లేకపోతే."

మార్చి 9, సోమవారం

ఏమీ రాయలేను.

మార్చి 11, బుధవారం

అక్కతో చెప్పాను. ఈ పుస్తకం మీద నీ పేరు కూడా వేయిస్తాను అన్నాను. చెప్పేటప్పుడు నా గొంతు చర్చిలో చదువుతున్నట్టు ఉంది, నాకే వినిపించింది. వద్దంటుందనుకున్నాను. "నాకెందుకే ఇవన్నీ" అన్నట్టు చెయ్యి ఊపుతుందనీ, నేను బలవంతపెడతాననీ, ఇద్దరం కాస్త ఏడుస్తామనీ అనుకున్నాను.

అక్క ఆలోచించింది. "పైన" అంది.

"ఏమిటి పైన?"

వేలు తన గుండె మీద పెట్టుకుంది. "పైన." వేలు నావైపు తిప్పింది. "కింద."

పక్కమంచం ముసలావిడ ముసిముసిగా నవ్వింది.

మార్చి 12, గురువారం

పైన!

మార్చి 20, శుక్రవారం

చివరి అధ్యాయం. వారంనుంచీ రోజూ మధ్యాహ్నం పని చేస్తున్నాం. నేను అడుగుతాను, అక్క కాదంటుంది.

వాడు ఇటాని క్షమించాడా? కాదు. తలుపు మొహం మీద వేశాడా? కాదు. చచ్చిపోయాడా? ఈసారి కాదు అని కూడా అనలేదు, నా తెలివితక్కువతనానికి కళ్ళు మూసుకుంది. ఆమెని పెళ్ళి చేసుకున్నాడా? "థూ" అంది. ఈథ్నా చాలా సంతోషించింది, అది కొత్త మాటట.

"ఇరవై మూడేళ్ళుగా నీ కథలు రాస్తున్నాను, ఇదొక్కటీ నాకు తట్టదనుకుంటున్నావా?" అన్నాను కోపంగా.

"అవును" అంది. ఆ మాట మాత్రం అస్సలు తడబడకుండా వచ్చింది.

తర్వాత నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా, తనే ఇచ్చింది. "టీ." వాడు ఆమెని లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. "చదవడు." ఉత్తరం విప్పలేదు. "తెలుసు." వాడికి ముందే తెలుసు. ఏమని? చాలాసేపు వెతుక్కుంది. "భయం."

నాకు అప్పటికి అర్థమైంది. ఉత్తరం వచ్చిందని వాడికి ఆ రోజే తెలుసు. ఇటా సంచిలో దాచడం చూశాడు. అడగలేదు. లివర్‌పూల్ వెళ్ళడమంటే వాడికి భయం, ఈ ఊరు దాటడమంటేనే భయం. ఆమె దాచేసినందుకు ఊపిరి పీల్చుకున్నాడు. నలభై ఏళ్ళకు పైగా ఆమె ఆ పాపాన్ని మోస్తూ ఉంటే, నాకు మేలు చేశావు అని ఒక్కసారి చెప్పడానికి కూడా వాడికి నోరు రాలేదు.

నా జన్మలో నాకు అది తట్టేది కాదు. ఒప్పుకోవడానికి నాకు రెండు కప్పుల టీ పట్టింది.

మార్చి 27, శుక్రవారం

రాతప్రతి పూర్తయింది. పంపలేదు. హెన్రియెట్టాకి ఫోన్ చేసి పేరు సంగతి చెప్పాను. మొదటిసారి ఆమె గొంతు పెరిగింది.

"మంగలిపని చేసే మీ అక్క పేరా?"

"ఆ పని మీద నువ్వు పదకొండేళ్ళుగా బతుకుతున్నావు, హెన్రియెట్టా."

"ఫిడెల్మా, ఇది బయటపడితే పత్రికలు ఏం రాస్తాయో ఆలోచించావా? పద్నాలుగు పుస్తకాలూ ఎవరు రాశారని అడుగుతారు."

"వాక్యాలు నావని చెప్తాను."

"మిగతాది?"

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. ఆఖరికి హెన్రియెట్టా, అక్క పేరు లోపలి పేజీలో కృతజ్ఞతల కింద చిన్నగా వేద్దామంది. ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్ళలో నా అంతట నేను ఆమె ఫోన్ పెట్టేయడం ఇదే మొదలు.

ఏప్రిల్ 9, గురువారం

హెన్రియెట్టా దిగివచ్చింది. రెండు పేర్లూ అట్ట మీదే వేస్తారు. "నీది పైన, సహజంగానే" అంది.

సరే అన్నాను.

ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం

అక్క ఇంటికి వచ్చేసింది. మెట్లు ఎక్కలేకపోతోంది కాబట్టి పార్లర్ వెనకగదిలో మంచం వేశాం. జసింటా జుట్టు కడిగి, రంగువేసి, రోలర్లు చుట్టింది. అద్దంలో చూసుకుని అక్క "ఘోరం" అంది. జసింటా ఆనందంతో ఏడ్చింది.

పేర్ల వరస గురించి అక్కకి చెప్పలేదు. పండగపూట ఎందుకని.

ఏప్రిల్ 20, సోమవారం

ఇంకా చెప్పలేదు. హెన్రియెట్టాకీ ఏమీ చెప్పలేదు. ఎవరూ చూడరు, ఎవరూ పట్టించుకోరు, పైనుంటే ఏమిటి, కిందుంటే ఏమిటి. అక్కకే అంత పట్టింపు. నాకేమీ లేదు.

ఏప్రిల్ 21, మంగళవారం

నాకే పట్టింపు. అట్ట మీద పైన ఉండటం తప్ప ఈ ఇరవై మూడేళ్ళలో నాకు నాదంటూ ఏముందో చెప్పమంటే చెప్పలేను. ఆ ఒక్కటీ అడిగింది.

మధ్యాహ్నం లండన్‌కి ఫోన్ చేశాను. "కన్సెప్టా గింటీ పైన, ఫిడెల్మా గింటీ కింద" అన్నాను. హెన్రియెట్టా "నీకు పిచ్చెక్కింది" అంది. ఎక్కిందన్నాను.

మే 14, గురువారం

కొత్త అట్ట నమూనా టపాలో వచ్చింది. పార్లర్‌లో ముగ్గురు ఆడవాళ్ళు డ్రయ్యర్ల కింద ఉన్నారు. అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిని కాపలా కాస్తోంది. కవరు చింపి అట్టని తన ఒళ్ళో పెట్టాను. ఆకుపచ్చ పోస్టుడబ్బా, ఎర్రకోటు. రెండు పేర్లు, ఒకే కొలత బంగారు అక్షరాల్లో. తన పేరు పైన.

జసింటా చేతిలో దువ్వెనతో పరిగెత్తుకొచ్చింది. డ్రయ్యర్ల కిందినుంచి ఆడవాళ్ళు కూడా మెడలు చాచారు. కాస్లిన్ "అయితే గయ్యాళిని రాసింది నువ్వా, కన్సెప్టా?" అని అరిచింది.

అక్క ఎవరికీ జవాబివ్వలేదు. ఎడమచేత్తో తన పేరుని తడిమింది, ఒక్కో అక్షరం. కళ్ళు తడిసినట్టే ఉన్నాయి. ఏదో పెద్ద మాట కోసం వెతుక్కుంటోందని తెలిసి ఎవరమూ కదలలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని తన మొహంలోకి చూస్తున్నాను.

"పెద్దగా" అంది.

"ఏంటి?"

"పెద్దగా." వేలు తన పేరు మీద. తర్వాత నా పేరు మీద పెట్టి, తల అడ్డంగా ఊపింది.

జసింటా పగలబడి నవ్వింది. నాకు నెత్తురు తలకెక్కింది. లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళాను. లండన్ నంబరు సగం నొక్కి, చెయ్యి ఆపి, వెనక్కి తిరిగాను.

"ఎంత పెద్దగా?" అని అడిగాను.

అక్క బొటనవేలూ చూపుడువేలూ దూరంగా చాపి పట్టుకుంది. ఒక్క క్షణం ఆలోచించి, ఇంకొంచెం చాపింది.